పెరటి కూరగాయల మడికి ఎరువు: ఏది, ఎంత, ఎప్పుడు?

మొలక · 1

నాలుగు మీటర్లు పొడవు, మూడు మీటర్లు వెడల్పు మడి. అందులో 6 వంగ, 6 టమాటా, 8 బెండ, 2 బీర పాదులు, ఒక పక్క రెండు చదరపు మీటర్లలో పొద చిక్కుడు. ఇవి కాక 20 లీటర్ల కుండీలు ఎనిమిది, వాటిలో మిరప, టమాటా. చేతిలో ఉన్న ఎరువులు: యూరియా, డీఏపీ, సింగిల్ సూపర్ (ఫాస్ఫేటు), ఎర్ర పొటాష్, 19-19-19, వేపపిండి, ఒక 25 కేజీల వర్మీకంపోస్టు బస్తా. మట్టి ఎర్రమట్టి, కాస్త ఇసుక పాలు ఉంది.

"మొక్కకి ఒక చెంచా", "గుప్పెడు వేయండి" తరహా సలహాలే ఎక్కడ చూసినా. ఏ ఎరువు చెంచా, ఏ సైజు చెంచా అన్నది ఎవరూ చెప్పరు. గ్రాముల్లో లెక్క ఎలా వేయాలో ఎవరైనా చెప్తారా?

తూకంరాయి · 2

బస్తా మీది మూడు అంకెల దగ్గర మొదలుపెడదాం. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్, మూడూ శాతాల్లో. యూరియా 46-0-0, డీఏపీ 18-46-0, సింగిల్ సూపర్ 0-16-0, ఎర్ర పొటాష్ 0-0-60. అంటే 100 గ్రాముల యూరియాలో 46 గ్రాముల నత్రజని ఉంటుంది. 100 గ్రాముల సూపర్‌లో 16 గ్రాముల భాస్వరం ఉంటుంది. దానితోపాటు కాల్షియం, గంధకం కూడా వస్తాయి కానీ ఆ సంగతి పేరు మీద కనపడదు.

కాయగూరలకు మామూలు నేలలో చదరపు మీటరుకి 10 గ్రాముల నత్రజని, 5 గ్రాముల భాస్వరం, 6 గ్రాముల పొటాష్ అనుకుంటే మరీ తప్పు కాదు. మీ మడి 12 చదరపు మీటర్లు. 120 నత్రజని, 60 భాస్వరం, 72 పొటాష్.

సూపర్: 60 ÷ 0.16 = 375 గ్రాములు
పొటాష్: 72 ÷ 0.60 = 120 గ్రాములు
యూరియా: 120 ÷ 0.46 = 260 గ్రాములు

సూపర్ మొత్తం, పొటాష్‌లో సగం మడి తయారు చేసేటప్పుడే మట్టిలో కలిపేయాలి. యూరియాని మాత్రం ఎప్పుడూ ఒకేసారి వేయకండి. మూడు దఫాలుగా పైపాటు, అంటే మొక్కలు పెరిగేటప్పుడు వేయడం.

సూపర్ బదులు డీఏపీ వాడితే 130 గ్రాములు చాలు. అందులోనే 23 గ్రాముల నత్రజని వచ్చేస్తుంది, ఆ మేరకు యూరియా 50 గ్రాములు తగ్గించాలి. ఈ తగ్గింపు మర్చిపోవడమే డీఏపీతో జరిగే మామూలు తప్పు.

వానపాము · 3

తూకంరాయి గారి లెక్క సరైనదే, కానీ అది కంపోస్టు వేయని మడికి. 25 కేజీల వర్మీకంపోస్టు ఉందని ఆయన రాశారు కదా, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

తేమతో ఉన్న వర్మీకంపోస్టులో సుమారు 1 శాతం నత్రజని, 0.8 భాస్వరం, 0.7 పొటాష్ అనుకుందాం. బస్తా బస్తాకీ మారుతుంది, కాబట్టి ఇవి ఉజ్జాయింపు అంకెలే. 25 కేజీలంటే 250, 200, 175 గ్రాములు. ఇవన్నీ ఈ పంటకే అందవు. నత్రజనిలో ఒక్క పంటకాలంలో విడుదలయ్యేది ఆరోవంతుకి అటూ ఇటూ, అంటే 37 గ్రాములు. భాస్వరం సగం దాకా అందుతుంది, 100 గ్రాములు. పొటాష్ దాదాపు అంతా నీటిలో కరిగే రూపంలోనే ఉంటుంది కనుక 150 పైనే.

ఇప్పుడు పై లెక్కతో పోల్చండి. కావలసిన భాస్వరం 60, బస్తాలోంచి వచ్చేది 100. కావలసిన పొటాష్ 72, వచ్చేది 150. లోటు ఒక్క నత్రజనిదే. సూపర్, డీఏపీ రెండూ పక్కన పెట్టేయండి. ఏటా కంపోస్టు పడే పెరటి మడిలో సాధారణంగా జరిగేది ఇదే: భాస్వరం పేరుకుపోతుంది, నత్రజని చాలదు. నత్రజని చాలట్లేదని ఇంకో బస్తా కంపోస్టు వేస్తే భాస్వరం ఇంకా పేరుకుంటుంది. అది హద్దు దాటితే జింకు, ఇనుము మొక్కకి అందకుండా పోతాయి. లేతాకులు పాలిపోతాయి, మనం ఇంకేదో జబ్బు అనుకుంటాం.

వేపపిండి గురించి. 4 నుంచి 5 శాతం నత్రజని. చదరపు మీటరుకి 80 నుంచి 100 గ్రాములు, నాటడానికి రెండు వారాల ముందే మట్టిలో కలిపి తడిపి ఉంచాలి. పైన తెల్లటి బూజు కడితే కంగారు పడొద్దు, పిండి కుళ్ళడం మొదలైందని గుర్తు. పచ్చి పిండిని నారు వేళ్లకి తగిలేలా గుంటలో వేస్తే మాత్రం అది మాగేటప్పుడు పుట్టే వేడికి, అమ్మోనియాకి లేత వేళ్లు నల్లబడతాయి.

మొలక · 4

అయితే ఒక కేజీ వేపపిండి, బస్తా వర్మీకంపోస్టు, మిగతాది యూరియా. ఎంత మిగిలింది?

వానపాము · 5

కేజీ పిండిలో 45 గ్రాముల నత్రజని ఉంటే పంటకాలంలో సగానికి కొంచెం ఎక్కువ, 25 గ్రాములు అందుతుందనుకోండి. 120 లోంచి 37, 25 తీసేస్తే 58. దాన్ని 0.46తో భాగిస్తే 126 గ్రాముల యూరియా. మొదటి లెక్కలోని 260లో సగం కూడా లేదు చూడండి.

పాదుమడి · 6

ఎంత అన్నది తేలింది, ఎలా వేయాలన్నది అంతకన్నా ముఖ్యం. 126 గ్రాములు సరిగ్గా తూచి ఎండలో తడి నేల మీద చల్లి వదిలేస్తే అందులో చాలా భాగం గాలిపాలే.

యూరియా గింజ మట్టిని తాకాక యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియం కార్బొనేట్‌గా మారుస్తుంది. ఆ గింజ చుట్టూ అంగుళం మేర మట్టి కాసేపు బాగా క్షారం అవుతుంది, అమ్మోనియా ఆవిరై లేచిపోతుంది. నేల తడిగా ఉండి, పైన ఎండ ఉండి, ఆ తర్వాత నీళ్లు పెట్టకపోతే నష్టం బాగా ఎక్కువ. సాయంత్రం తడి మట్టి మీద వేసిన తెల్లటి గింజ పొద్దున్నకి చెమట పట్టి, కరిగి, ఒక నల్లటి తడి మచ్చ మాత్రమే మిగులుతుంది. అది చూసి "మొక్క తాగేసింది" అనుకుంటారు. ఆ మచ్చని గోటితో తిరగేసి ముక్కు దగ్గర పెడితే కొన్నిసార్లు అమ్మోనియా ఘాటు తెలుస్తుంది.

అందుకని రెండే పద్ధతులు. ఒకటి, మొదలుకి 15 సెంటీమీటర్ల దూరంలో గుండ్రంగా 5 సెంటీమీటర్ల లోతు గాడి తీసి, అందులో వేసి, మట్టి కప్పి, వెంటనే నీళ్లు. రెండోది, నీళ్లలో కలిపి పోయడం. చిన్న మడికి రెండోదే మేలు, అన్ని మొక్కలకీ సమానంగా పడుతుంది. నేల ముందే తడిగా ఉండాలి. పొడి మట్టిలోకి ఎరువు నీళ్లు పోస్తే అవి పగుళ్ల వెంట కిందికి పోతాయి, లేదా వేరు ఒక్కసారిగా ఉప్పదనాన్ని తట్టుకోవాల్సి వస్తుంది.

వేసే దూరం మొక్కతోపాటు జరగాలి. నారు నాటిన మూడు వారాలకి 10 సెంటీమీటర్లు, పూత సమయానికి 20, బాగా విస్తరించిన వంగకి కొమ్మల అంచు కింద. తిండి తీసుకునేవి చివరి సన్నవేళ్లే, అవి కాండం మొదలు దగ్గర ఉండవు.

దఫాలు: నాటిన మూడు వారాలకి ఒకటి, తొలి పూతకి ఒకటి, మొదటి కోత అయ్యాక ఒకటి. బీరకి మొదటి దఫా కాస్త తగ్గించండి. తీగ జాతికి మొదట్లో నత్రజని ఎక్కువైతే తీగ ఏపుగా సాగుతుంది, మగపూలే గుత్తులుగా వస్తాయి, ఆడపూత వెనక్కి పోతుంది.

కుండీలోకం · 7

కుండీల సంగతి ఎవరూ ఎత్తలేదు, అది పూర్తిగా వేరే లెక్క. మడిలో ఉన్నట్టు చదరపు మీటర్లతో కుండీకి కొలత కుదరదు. నీళ్లు పోసిన ప్రతిసారీ కింది రంధ్రంలోంచి నత్రజని నైట్రేటు రూపంలో కారిపోతూ ఉంటుంది. అందుకే కొంచెం కొంచెంగా, తరచుగా.

19-19-19ని లీటరుకి ఒక గ్రాము కలిపితే లీటరులో 190 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. పెరిగే మొక్కకి అది సరిపడే మోతాదు. 20 లీటర్ల కుండీకి వారానికి రెండుసార్లు లీటరు చొప్పున. పన్నెండు వారాల్లో మొక్కకి నాలుగున్నర గ్రాముల నత్రజని అందుతుంది, కుండీ మిశ్రమంలో కంపోస్టు కూడా ఉంటే టమాటాకి సరిపోతుంది. లీటరుకి ఐదు గ్రాములు అని ఎక్కడైనా చదివి ఉంటారు. అది ఆకుల మీద అప్పుడప్పుడు కొట్టే స్ప్రే మోతాదు, వేళ్లకి వారానికి రెండుసార్లు పోసేది కాదు. ఈ రెండింటినీ కలగలిపేసి కుండీలు మాడ్చుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకో మాట. 19-19-19 సమతుల ఎరువు అని పేరే కానీ ఏ కూరగాయ మొక్కా మూడింటినీ సమానంగా తీసుకోదు. కాపు మీదున్న టమాటాకి భాస్వరం కంటే పొటాష్ మూడు రెట్లకు పైగా కావాలి. కాబట్టి పూత దాకా 19-19-19, ఆ తర్వాత 13-0-45 ఒకసారి, కాల్షియం నైట్రేట్ ఒకసారి, లీటరుకి గ్రాము చొప్పున మార్చి మార్చి. కాల్షియం నైట్రేట్‌ని 19-19-19తో గానీ ఎప్సమ్ సాల్ట్‌తో గానీ ఒకే డబ్బాలో కలపకండి. నీళ్లు పాలలా విరుగుతాయి, అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. మొదటిదాంట్లో కాల్షియం ఫాస్ఫేటు, రెండోదాంట్లో జిప్సం. డబ్బు డబ్బా అడుక్కి చేరింది అంతే.

కుండీ అంచున, అడుగున పళ్ళెంలో తెల్లటి పెచ్చు కనపడితే లవణాలు పేరుకున్నట్టు. ఆకుల కొసలు గోధుమరంగుకి తిరగడం దీని తర్వాతి మెట్టు. అప్పుడు ఎరువు ఆపి, కుండీ ఎంత ఉందో అంత మామూలు నీళ్లు, అంటే 20 లీటర్లు, నెమ్మదిగా పోసి కిందినుంచి కారనివ్వాలి. పళ్ళెంలో చేరినవి పారబోయండి, మళ్లీ పీల్చుకోనివ్వొద్దు. రోజువారీ తడుల్లో కూడా పోసిన నీటిలో పదో వంతు బయటికి వచ్చేలా చూస్తే ఈ పని తరచు పడదు.

మిశ్రమంలో కొబ్బరిపొట్టు వాడితే ముందు బాగా కడగాలి. దానిలో సహజంగానే పొటాషియం, సోడియం ఉంటాయి, అవి కాల్షియంకి చోటివ్వవు. కడిగాక లీటరుకి 10 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పిండి, మళ్లీ ఒకసారి కడిగితే ఆ ఇబ్బంది పోతుంది.

ఆకుపచ్చగీత · 8

టమాటా కాయల అడుగున నల్లగా కుళ్లు వస్తే గుడ్డు పెంకులు, ఎప్సమ్ సాల్ట్ వేస్తే తగ్గుతుంది. కాల్షియం లోపమే కదా అది.

పాదుమడి · 9

సగం నిజం. కాయలో కాల్షియం తక్కువే, నేలలో మాత్రం చాలాసార్లు సమృద్ధిగా ఉంటుంది. కాల్షియం మొక్కలో నీటితోపాటే పైకి పోతుంది, ఒకసారి ఆకులో చేరితే అక్కడినుంచి కాయకి మళ్లదు. ఆకు ఎక్కువ ఆవిరి వదులుతుంది కాబట్టి నీళ్లన్నీ అటే. కాయ చివర చాలా తక్కువ వదులుతుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచేస్తే ఆ చివరకి సరఫరా తెగుతుంది. పిందె గోలీకాయంత ఉన్నప్పుడు తెగితే, రెండు వారాల తర్వాత కాయ పెద్దయ్యాక మచ్చ కనపడుతుంది. కనపడిన రోజున ఏం వేసినా ఆ కాయ బాగుపడదు.

పైగా యూరియా, డీఏపీల అమ్మోనియం, ఎక్కువైన పొటాష్, ఎప్సమ్ సాల్ట్‌లోని మెగ్నీషియం, ఇవన్నీ వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడతాయి. కుళ్లుకి ఎప్సమ్ సాల్ట్ వేయడమంటే మంట మీద నెయ్యి పోసినట్టే.

చేయాల్సింది: తడి ఒకే తీరున ఉంచడం, 5 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి కప్పడం, కాపు సమయంలో యూరియా తగ్గించి నత్రజనిని కాల్షియం నైట్రేట్ రూపంలో ఇవ్వడం. గుడ్డు పెంకులు కాల్షియం కార్బొనేటు. చిన్న ముక్కలుగా వేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. మెత్తగా పొడి కొట్టి ఆమ్లనేలలో వేస్తే నెమ్మదిగా పనిచేస్తాయి, పీహెచ్ 7 దాటిన, అంటే క్షార నేలలో వేసినా వేయకపోయినా ఒకటే.

వేరుగంట · 10

రసాయన ఎరువులు వేస్తే వానపాములు చచ్చిపోతాయి, మట్టి చచ్చిపోతుంది. 126 గ్రాములైనా ఎందుకు? కంపోస్టు టీ, అరటితొక్కల నీళ్లు చాలవా?

వానపాము · 11

పేరు వానపాము కాబట్టి నేనే జవాబివ్వాలేమో.

గింజ పడిన చోట అమ్మోనియా ఘాటుకి దగ్గరలో ఉన్న వానపాము చస్తుంది, అది నిజం. చదరపు మీటరుకి మూడు నాలుగు గ్రాములు నీళ్లలో కలిపి పోసినప్పుడు ఆ ఘాటు ఉండదు. మట్టిని ఏళ్ల మీద పాడుచేసేది సేంద్రియ పదార్థం లేకుండా ఉప్పులు మాత్రమే వేయడం. అమ్మోనియం ఎరువులు నేలని కాలక్రమేణా ఆమ్లంగా మారుస్తాయి కూడా. ఒకే నత్రజనికి లెక్కిస్తే యూరియా కన్నా అమ్మోనియం సల్ఫేటు మూడింతలు ఆమ్లం చేస్తుంది. కంపోస్టు వేస్తూ లోటుకి మాత్రం యూరియా వేసే మడికి ఆ ప్రమాదం చాలా తక్కువ.

అరటితొక్కలు నానబెట్టిన నీళ్లలో కాస్త పొటాషియం దిగుతుంది, నత్రజని దాదాపు ఉండదు. మీ లోటు నత్రజని. తొక్కల్ని కంపోస్టు కుప్పలో వేస్తే మంచి ఉపయోగం.

యూరియా అసలే వద్దనుకుంటే లోటు 58 గ్రాముల్ని పిండితో పూడ్చొచ్చు. ఇంకో రెండు కేజీల పైచిలుకు వేపపిండి, లేదా ఒక కేజీ పైచిలుకు వేరుశనగ పిండి. వేరుశనగ పిండిలో 7 శాతం దాకా నత్రజని ఉంటుంది, త్వరగా అందుతుంది, కానీ చీమలూ ఎలుకలూ అంతే త్వరగా వస్తాయి. మట్టిలో కప్పకపోతే పొద్దునకి గుంటలు తవ్వేసి ఉంటాయి.

చెక్కపొట్టు, ఎండాకులు నేరుగా మట్టిలో కలపొద్దు. కార్బన్, నత్రజని నిష్పత్తి 30 దాటిన పదార్థాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే వాడుకుంటాయి. చెక్కపొట్టులో అది వందల్లో ఉంటుంది. మొక్కలు నెలరోజుల పాటు పసుపురంగులో గిడసబారి కూర్చుంటాయి. పైన కప్పితే ఫర్వాలేదు, కలిపితేనే సమస్య.

తూకంరాయి · 12

పశువుల ఎరువు వాడేవాళ్లకి రెండు జాగ్రత్తలు చేరుస్తాను.

పచ్చి పేడలో ఈ-కోలి లాంటి క్రిములు ఉండొచ్చు. మట్టిని తాకే పంట అయితే పచ్చిది వేసిన రోజుకీ కోతకీ మధ్య 120 రోజులు, తాకనిదైతే 90 రోజులు ఉండాలని అమెరికా సేంద్రియ సాగు నిబంధన. మంచి కొలమానం, ఎక్కడైనా పాటించొచ్చు. ముల్లంగి, క్యారెట్ మడిలో అయితే పచ్చి ఎరువు అసలే వద్దు, దుంప పంగలుగా చీలుతుంది.

రెండోది ఎక్కువమందికి తెలియదు. పచ్చిక బయళ్లలో వాడే కొన్ని కలుపు మందులు, అమైనోపైరాలిడ్ లాంటివి, గడ్డి తిన్న పశువు పేడలోనూ, ఆ పేడతో చేసిన కంపోస్టులోనూ చెక్కుచెదరకుండా మిగులుతాయి. టమాటా, చిక్కుడు లేతాకులు గిన్నెలా ముడుచుకుని చిగురు మెలికలు తిరిగితే దీన్ని అనుమానించాలి. తెలియని చోటినుంచి ఎరువు వస్తే ముందు పరీక్ష: మూడు కప్పుల్లో ఎరువు, మట్టి సగం సగం, ఇంకో మూడింటిలో మట్టి మాత్రమే. అన్నింటిలో చిక్కుడు గింజలు. మూడు వారాల తర్వాత మొదటి నిజమైన ఆకులు రెండు వరుసల్లోనూ ఒకేలా ఉంటే వాడుకోండి.

పైరుగాలి · 13

ఇంత తంటా ఎందుకు, 19-19-19 లీటరుకి 5 గ్రాములు వారానికోసారి ఆకుల మీద కొడితే సరిపోదా?

తూకంరాయి · 14

లెక్క చూడండి. లీటరు స్ప్రేలో 5 గ్రాములు, దానిలో నత్రజని 0.95 గ్రాము. 12 చదరపు మీటర్లకి ఒక లీటరు స్ప్రే అనుకుంటే, అదీ కారిపోకుండా మొత్తం ఆకులోకి ఇంకితే, వారానికి గ్రాము కూడా కాదు. మనకి కావలసినవి 58. సంవత్సరం పొడుగునా కొట్టాలి!

ఇనుము, జింకు, బోరాన్ లాంటివి గ్రాముల్లో కూడా కాదు, మిల్లీగ్రాముల్లో కావాలి కాబట్టి వాటికి ఆకు దారి బాగుంటుంది. ముఖ్య పోషకాలకి వేళ్లే దారి.

ఆకుపచ్చగీత · 15

కుళ్లు విషయంలో దిద్దినందుకు ధన్యవాదాలు పాదుమడి గారూ. ఆకులు పసుపెక్కినప్పుడు ఏ లోపమో ఎలా పట్టాలి?

పాదుమడి · 16

మొదట చూడాల్సింది రంగు కాదు, చోటు. పసుపు కింది ముదురాకుల్లో మొదలైందా, పై లేతాకుల్లోనా?

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క లోపల కదలగలవు. తక్కువైతే మొక్క పాత ఆకుల్లోంచి లాగి కొత్తవాటికి ఇస్తుంది. కింది ఆకు మొత్తం సమానంగా పాలిపోతే నత్రజని. అంచు మాడి లోపలికి పాకితే పొటాష్. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలు పసుపైతే మెగ్నీషియం. ఆకు అడుగున ఊదారంగు వస్తే భాస్వరం, కానీ చలికి కూడా నారు ఆకులు ఊదాగా మారతాయి, అప్పుడు ఎరువు వేయాల్సిన పని లేదు.

ఇనుము, కాల్షియం, బోరాన్ కదలవు. లోటు చిగురులోనే బయటపడుతుంది. లేతాకు ఈనెలు మాత్రం సన్నటి పచ్చగీతల్లా మిగిలి మిగతాదంతా నిమ్మపండు రంగుకి తిరిగితే ఇనుము. దానికి కారణం నేలలో ఇనుము లేకపోవడం అరుదు. పీహెచ్ 7.5 దాటడం, లేదా నీళ్లు నిలిచి వేరుకి గాలాడకపోవడం. నీళ్లు నిలిచే మడికి ఇనుము పోసి లాభం లేదు. లీటరుకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం ఆకుల మీద కొడితే వారంలో కొత్త చిగురు పచ్చబడుతుంది. మట్టికి వేసే చీలేటెడ్ ఇనుము కొంటే పేరు చదవండి. ఈడీటీఏ రకం క్షారనేలలో నిలవదు, ఈడీడీహెచ్‌ఏ రకం నిలుస్తుంది.

బోరాన్ గురించి ఒక హెచ్చరిక. చదరపు మీటరుకి బోరాక్స్ ఒక గ్రాము మించితే విషం. కాలీఫ్లవర్ కాడ లోపల గుల్లగా, గోధుమరంగుగా ఉంటేనే దాని జోలికి వెళ్లండి. 12 గ్రాములు 10 లీటర్ల నీళ్లలో కరిగించి మడి అంతా సమానంగా పోయాలి, గింజలుగా చల్లితే ఒకచోట మాడుతుంది, ఒకచోట అందదు.

వేరుగంట · 17

యూరియా ఎక్కువ పడిపోతే? మొక్కకి గుప్పెడు వేసేసి, రెండో రోజుకి ఆకులు వాలిపోయి అంచులు కాగితంలా ఎండితే?

కుండీలోకం · 18

పైన గింజలు ఇంకా కనపడితే ముందు వాటిని పై రెండు సెంటీమీటర్ల మట్టితో సహా గీకి తీసేయాలి. తర్వాత నీళ్లు, చదరపు మీటరుకి 25 లీటర్లు, రెండు విడతలుగా గంట తేడాతో. ఇసుక నేలలో ఇది బాగా పనిచేస్తుంది. బంకమట్టిలో ఒకేసారి ముంచితే వేరుకి ఊపిరాడదు, రోజుకి పది లీటర్ల చొప్పున మూడు రోజులు. వాలిన ఆకుల్ని కత్తిరించొద్దు, చిగురు పచ్చగా ఉన్నంతకాలం వదిలేయండి. ఒక పక్కన వేలుతో తవ్వి వేరు చూస్తే తేలిపోతుంది: తెల్లగా, గట్టిగా ఉంటే బతుకుతుంది. గోధుమరంగులో ఉండి లాగితే తోలు ఊడి లోపలి దారం చేతికొస్తే ఆ వేరు పోయినట్టే. మూడు వారాలు ఏ ఎరువూ వద్దు.

ఇలా మాడ్చడంలో ఎరువులన్నీ ఒకటి కావు. ఉప్పదనపు సూచీలో సోడియం నైట్రేటుని 100గా పెట్టుకుంటే ఎర్ర పొటాష్ 116, యూరియా 75, పొటాషియం సల్ఫేటు 46, సూపర్ 8. కుండీలో ఎర్ర పొటాష్ వేయొద్దనేది అందుకే.

పాదుమడి · 19

ఆకుకూరలు వేసేవాళ్లకి ఒక ముక్క. తోటకూర, పాలకూరకి నత్రజని బాగా కావాలి కానీ వేసింది వేసినట్టు కాడల్లో నైట్రేటుగా దాచుకుంటాయి. కోతకి వారం, పది రోజుల ముందు ఆపండి, కోసేది సాయంత్రం పూట కోయండి. పగలంతా వెలుతురులో మొక్క నైట్రేటుని ఖర్చుపెడుతుంది కాబట్టి పొద్దుటి కన్నా తక్కువ ఉంటుంది.

మొలక · 20

అందరికీ ధన్యవాదాలు. మొత్తం కలిపి ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే దిద్దండి.

నాటడానికి రెండు వారాల ముందు 25 కేజీల వర్మీకంపోస్టు, కేజీ వేపపిండి మడి అంతా పరిచి పై 15 సెంటీమీటర్లలో కలిపి తడపడం. యూరియా 126 గ్రాములు, మూడు దఫాలు, దఫాకి 42. సూపర్ ఇంట్లో ఉంది కదా, గంధకం కోసం 100 గ్రాములు కూడా వేద్దామని. పని తేలికవుతుందని యూరియా, సూపర్ ముందే కలిపి డబ్బాలో పెట్టుకుంటాను. కుండీలకి కుండీలోకం గారు చెప్పినట్టే.

తూకంరాయి · 21

రెండు దిద్దుబాట్లు.

చిక్కుడుని లెక్కలోంచి తీసేయండి. దాని వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. యూరియా పడితే బుడిపెలు కట్టడం తగ్గుతుంది, ఆకు కమ్ముకుంటుంది, కాయ రాదు. వేపపిండి కూడా అక్కడ వేయొద్దు, కంపోస్టు చాలు. మిగిలినది 10 చదరపు మీటర్లు, కావలసిన నత్రజని 100. కంపోస్టులోంచి 31, పిండిలోంచి 25. లోటు 44, అంటే యూరియా 95 గ్రాములు. దఫాకి 32.

యూరియా, సూపర్ కలిపి నిల్వ పెట్టకండి. రెండూ కలిస్తే సూపర్‌లో స్ఫటికంగా ఉన్న నీరు బయటికొచ్చి, తెల్లారేసరికి డబ్బాలో ముద్ద జావ తయారవుతుంది. అదే రోజు వేసేస్తే ఫర్వాలేదు కానీ అసలు కలపాల్సిన పనే లేదు, సూపర్ ముందు మట్టిలోకి, యూరియా తర్వాత నీళ్లలో. 100 గ్రాముల సూపర్ వేసినా నష్టం లేదు, వచ్చే ఏడాది మాత్రం మట్టి పరీక్ష చేయించి భాస్వరం చూసుకున్నాకే. మడిలో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా వి ఆకారంలో గుంట తీసి, పక్క గోడనుంచి పైనుంచి కిందిదాకా అంగుళం మందాన పెళ్ల గీకి, అన్నీ కలిపి నీడలో ఆరబెట్టి అరకేజీ పంపాలి. ఎరువు వేసిన వెంటనే తీసిన మట్టి పనికిరాదు.

మొలక · 22

ఇంట్లో గ్రాముల్లో తూచే త్రాసు లేదు. 32 గ్రాములు ఎలా కొలవాలి?

తూకంరాయి · 23

యూరియా గింజ తేలిక. 5 మిల్లీలీటర్ల మందు చెంచా గీత దాకా నింపి అంచు చదును చేస్తే నాలుగు గ్రాములకి కాస్త తక్కువ. అదే చెంచాలో డీఏపీ, పొటాష్ ఐదు గ్రాములకి అటూ ఇటూ తూగుతాయి. "ఏ ఎరువు చెంచా" అని మీరు మొదట్లో అడిగింది అందుకే సరైన ప్రశ్న. 32 గ్రాములంటే చెంచాలు ఎనిమిదిన్నర. పది లీటర్ల నీళ్లు పట్టే రోజ్ డబ్బాలో (జల్లెడ మూతి ఉన్న నీళ్ల డబ్బా) కలపండి. ఉన్నవి 22 మొక్కలు, ఒక్కోదానికి అరలీటరుకి కొంచెం తక్కువగా పడుతుంది. పోశాక ఆకుల మీద పడిన చుక్కల్ని మామూలు నీళ్లతో కడిగేయండి.

కలిపేటప్పుడు కొద్ది నీళ్లతో సీసాలో మొదలుపెడితే ఒక నిమిషంలో సీసా చల్లబడి బయట తేమ పడుతుంది. యూరియా కరిగేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది, ఎరువు పాడైందేమో అనుకోవద్దు. చల్లటి నీళ్లలో చివరి గింజలు కరగడానికి మొండికేస్తాయి, కాసేపు ఎండలో పెట్టి మళ్లీ కుదపండి. కలిపిన నీళ్లు ఆ రోజే వాడేయాలి, డబ్బాలో మట్టి చేరితే అక్కడే అమ్మోనియాగా మారడం మొదలవుతుంది. మిగిలిన యూరియా సంచిని మూతి బిగించి పెట్టండి, గాలిలో తేమ 75 శాతం దగ్గరికి వస్తే గింజలు నీరుకారి గడ్డ కడతాయి. గడ్డ కట్టినా గుణం పోదు. నలగ్గొట్టి, చెంచా కొలత మాత్రం మళ్లీ సరిచూసుకుని వాడొచ్చు.